పల్ప్ ఫ్యాక్టరీ గేటు నుంచి కంటైనర్ దాకా: సరఫరా గొలుసును డిజిటల్‌గా కలపడం ఎలా?

చిత్తూరు చుట్టుపక్కల తోతాపురి మామిడి సీజన్ మే నెలాఖరుకి ఊపందుకుని ఆగస్టు నాటికి ముగుస్తుంది. ఆ కొద్ది వారాల్లో తీసిన గుజ్జునే పల్ప్ ఫ్యాక్టరీ ఏడాది పొడుగునా అమ్ముకోవాలి. కాయ కొనడానికి డబ్బంతా ఒకేసారి పోతుంది. గుజ్జు డబ్బు మాత్రం నెలల తరబడి కొద్దికొద్దిగా వస్తుంది. మధ్యలో బ్యాంకు వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఇలాంటి వ్యాపారంలో ఏ డ్రమ్ము ఎక్కడుంది, అది ఎవరి ఆర్డరుకి సరిపోతుంది, దాని ల్యాబ్ రిపోర్టు ఎవరి దగ్గరుంది అన్నది అడిగిన వెంటనే తేలకపోతే, వెతుక్కున్న ప్రతి రోజూ లాభంలో కోతే.

రేణిగుంట, కరకంబాడి, శ్రీసిటీ వైపు పెద్ద కంపెనీలకు ప్లాస్టిక్ భాగాలు, షీట్ మెటల్ భాగాలు, అట్టపెట్టెలు చేసిచ్చే చిన్న యూనిట్ల ఇబ్బంది ఇంకోరకం. వాళ్లకి సీజన్ ఉండదు. కానీ ఎప్పుడు ఎంత సరుకు పంపాలో చెప్పే షెడ్యూలు పొద్దున ఒకటి వస్తే సాయంత్రానికి మారిపోతుంది. మారిన సంగతి ఫోన్‌లో ఒకరికి తెలుస్తుంది, షాప్ ఫ్లోర్‌కి మర్నాడు తెలుస్తుంది.

ఈ మార్గదర్శి ఇద్దరికీ పనికొస్తుంది. ఉదాహరణలు మాత్రం ఎక్కువగా పల్ప్ ఫ్యాక్టరీవి, ఎందుకంటే అక్కడ గొలుసులోని ప్రతి లింకూ కంటికి కనిపిస్తుంది. నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. గేటు దగ్గర ఒక్కో లోడుకి ఇచ్చిన గుర్తు సంఖ్య, అంటే లాట్ నంబరు, ఎన్ని చేతులు మారినా తెగిపోకుండా కొనుగోలుదారు దాకా వెళ్లగలిగితే, అప్పుడే సరఫరా గొలుసు కలిసినట్టు. సాఫ్ట్‌వేర్ ఎంత ఖరీదైనదైనా ఈ పని అది చేసిపెట్టదు, మనం చేయాలి.

మొదటి దశ: ఒక లోడు వెంట నడవండి

కంప్యూటర్ ముందు కూర్చోకండి. ఒక ట్రాక్టర్ లోడును ఎంచుకుని, గేటు నుంచి డ్రమ్ము దాకా దాని వెంట నడవండి. చేతిలో నోట్‌బుక్ ఉంటే చాలు. ఎక్కడ ఎవరు ఏం రాస్తున్నారు, దేంట్లో రాస్తున్నారు, ఎందుకు రాస్తున్నారు అన్నవి రాసుకోండి.

సాధారణంగా కనిపించేది ఇది. సెక్యూరిటీ గేటు రిజిస్టర్‌లో బండి నంబరు రాస్తాడు. కాటా దగ్గర మొదటి తూకం పడుతుంది. కాయ దించాక ఖాళీ బండికి రెండో తూకం. “రెండో కాటా అయినాక రా అన్నా, స్లిప్పు ఇస్తా” అంటాడు కాటా ఆపరేటర్. స్లిప్పు మూడు కాపీలు. ఒకటి రైతుకి, ఒకటి ఆఫీసుకి, ఒకటి కాటా పుస్తకంలోనే. పచ్చి కాయ మాగబెట్టే గదికి వెళ్తుంది, అక్కడి సూపర్‌వైజర్ క్రేట్లలో లెక్క రాసుకుంటాడు. ప్రొడక్షన్ వాళ్లు బ్యాచ్‌లలో రాస్తారు. ల్యాబ్‌లో ట్యాంకు నంబరు మీద బ్రిక్స్ (గుజ్జులో తీపి ఎంతో చెప్పే కొలత) రాస్తారు. గోడౌన్‌లో డ్రమ్ముల లెక్క. ఆఫీసులో టన్నుల లెక్క, టాలీ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌లో రూపాయల లెక్క.

అంటే గేటులో కిలోలు, గదిలో క్రేట్లు, లైన్‌లో బ్యాచ్‌లు, గోడౌన్‌లో డ్రమ్ములు. ఒక లెక్కలోంచి ఇంకో లెక్కలోకి మారే చోటల్లా నోట్‌బుక్‌లో గుర్తు పెట్టుకోండి. దారం తెగేది అక్కడే. అలాగే ఒకే అంకెను ఎంతమంది మళ్లీ మళ్లీ రాస్తున్నారో లెక్కపెట్టండి. చేత్తో ఎక్కించిన ప్రతిసారీ తప్పు దొర్లే అవకాశం ఉంటుంది.

విడిభాగాల యూనిట్ అయితే ఇదే నడకను కస్టమర్ షెడ్యూలుతో చేయండి. మెయిల్‌లో వచ్చిన షెడ్యూలు మెషీన్ దగ్గర బోర్డు మీద ఎప్పుడు పడుతోంది? ఆ మధ్యలో ఎన్ని గంటలు పోతున్నాయి?

రెండో దశ: మార్చకముందే కొలతలు రాసిపెట్టుకోండి

చాలామంది వదిలేసే దశ ఇది. ఏడాది తర్వాత “ఇంత ఖర్చు పెట్టాం, ఏం ఒరిగింది?” అని యజమాని అడిగితే, పాత అంకెలు లేనివాళ్ల దగ్గర జవాబు ఉండదు. కింది ఐదు కొలతలు చాలు.

- నిల్వ రోజులు: సగటున సరుకు ఎన్ని రోజులు గోడౌన్‌లో ఉంటోంది.
- చెప్పిన తేదీకి, చెప్పినంత పరిమాణంలో వెళ్లిన ఆర్డర్లు నూటికి ఎన్ని. సగం వెళ్లినా, ఒక రోజు ఆలస్యమైనా లెక్కలోకి రాదు.
- రికవరీ: టన్ను కాయకి ఎన్ని కిలోల గుజ్జు.
- రికార్డులో ఉన్న నిల్వకీ, కళ్లతో లెక్కపెట్టిన నిల్వకీ తేడా.
- బిల్లు వేసిన రోజు నుంచి డబ్బు ఖాతాలో పడేదాకా రోజులు.

వీటిని డబ్బుతో ముడిపెట్టి చూడాలి. లెక్క కోసం ఇలా అనుకుందాం. గోడౌన్‌లో 1,000 టన్నుల గుజ్జు ఉంది, టన్ను 60,000 రూపాయలు, బ్యాంకు వడ్డీ ఏడాదికి 11 శాతం. సరుకు విలువ 6 కోట్లు, నెలకి వడ్డీ 5.5 లక్షలు. ల్యాబ్ రిపోర్టు దొరక్క, డ్రమ్ములు వెతకలేక కంటైనర్లు సగటున 15 రోజులు ఆలస్యమవుతుంటే 2.75 లక్షలు వడ్డీకే పోయినట్టు. మీ సొంత అంకెలతో ఈ లెక్క వేసి, ఆ కాగితాన్ని యజమాని బల్ల మీద పెట్టండి. ప్రాజెక్టుకి అనుమతి ఎందుకు కావాలో ఆ కాగితమే చెబుతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నిల్వ రోజులకి వసూలు రోజులు కలిపి, అందులోంచి మనం సరఫరాదారులకి చెల్లించే గడువు రోజులు తీసేస్తే వచ్చేదాన్ని నగదు చక్రం అంటారు. ఈ లెక్కలో రైతుకి డబ్బు ఎంత ఆలస్యంగా ఇస్తే అంకె అంత బాగా కనిపిస్తుంది. దాన్ని మెరుగుదల అనుకోకూడదు. రైతుని ఆపి చూపించిన లాభం ఫ్యాక్టరీ పనితీరు కాదు. వచ్చే సీజన్‌లో మంచి కాయ ఇంకో ఫ్యాక్టరీ గేటుకి పోతుంది, దెబ్బ అక్కడ తెలుస్తుంది. అందుకే చెల్లింపు రోజులను విడిగా రాయండి, అవి తగ్గాలనే లక్ష్యం పెట్టుకోండి.

మూడో దశ: పేర్లు, కోడ్‌లు, కొలమానాలు

అన్ని దశల్లోకీ నేను ఎక్కువ సమయం ఇవ్వమనేది దీనికే. ఇది చూడ్డానికి గుమాస్తా పనిలా ఉంటుంది. అయినా యజమాని, ప్రొడక్షన్ మేనేజర్, ల్యాబ్ ఇన్‌ఛార్జి, అకౌంటెంట్ ఒకే గదిలో కూర్చుని తేల్చాల్సిన పని.

ముందు సరుకుల జాబితా. ఒకే సరుకు కొనుగోలులో ‘తోతాపురి’, ల్యాబ్‌లో ‘టీపీ’, రైతుల దగ్గర ‘బెంగళూరా’, టాలీలో ‘మ్యాంగో రా’ అని ఉంటే, నాలుగు చోట్లా ఒకే కోడ్ ఉండాలి. పిలుచుకునే పేరు ఎలా ఉన్నా పర్వాలేదు. సరఫరాదారుల జాబితా కూడా ఇంతే. ఒకే ఏజెంటు మూడు స్పెల్లింగ్‌లతో మూడు ఖాతాలుగా ఉంటే, అతని కాయ నాణ్యత మీకు ఎప్పటికీ తేలదు. ఫోన్ నంబరో, బ్యాంకు ఖాతానో ఆధారంగా పెట్టుకుని డూప్లికేట్లు తీసేయండి.

తర్వాత లాట్ నంబరు. పొట్టిగా, చదవడానికి వీలుగా ఉండాలి. సంవత్సరం, తేదీ, ఆ రోజు వరుస సంఖ్య చాలు. 2026 జూన్ 14న వచ్చిన 37వ లోడు 26-0614-037. ధర, ఏజెంటు పేరు, గ్రేడు లాంటివి కోడ్‌లో ఇరికించకండి. అవి మారతాయి, కోడ్ మారకూడదు. వాటి కోసం వేరే గడులు పెట్టుకోవచ్చు.

మామిడిలో అసలు చిక్కు మాగబెట్టే గది దగ్గర వస్తుంది. పది మంది రైతుల కాయ ఒకే గదిలోకి వెళ్లి కలిసిపోతుంది. అక్కడ రైతు వారీ నంబరును కాపాడాలని పట్టుబడితే పని ఆగిపోతుంది, వదిలేస్తే దారం తెగిపోతుంది. ఇందుకు సులువైన దారి ఉంది. గది నిండిన ప్రతిసారీ దానికి ఒక కొత్త నంబరు ఇవ్వండి. ఆ గది నంబరు కింద లోపలికి వెళ్లిన లాట్ నంబర్లన్నీ జాబితాగా ఉండాలి. గది తెరిచి లైన్ మీదకి కాయ వేసేటప్పుడు బ్యాచ్ నంబరు కింద గది నంబరు రాస్తారు. డ్రమ్ము మీది క్యూఆర్ కోడ్‌లో బ్యాచ్ నంబరు, డ్రమ్ము వరుస సంఖ్య ఉంటాయి. అప్పుడు డ్రమ్ము నుంచి బ్యాచ్, బ్యాచ్ నుంచి గది, గది నుంచి పది పన్నెండు మంది రైతుల దాకా వెనక్కి వెళ్లొచ్చు. మాగబెట్టడానికి వాడిన ఎథిలీన్ వివరాలు కూడా గది నంబరు మీదే రాసుకోవచ్చు. కాల్షియం కార్బైడ్ నిషేధం కాబట్టి, దాన్ని వాడలేదనడానికి మీ చేతిలో ఉండే ఆధారం ఆ రికార్డే.

యూరప్‌కి పంపేవాళ్లకి ఇది తప్పనిసరి అవసరం కూడా. ఆహార వ్యాపారులు తమకి సరుకు ఎవరిచ్చారో, తాము ఎవరికి ఇచ్చారో చూపించగలగాలని యూరోపియన్ యూనియన్ ఆహార చట్టం చెబుతోంది. ఆ నిబంధన 2005 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అది నేరుగా వర్తించేది అక్కడి దిగుమతిదారుకే అయినా, అతను ఆ ప్రశ్నను మీ దాకా తెస్తాడు. పురుగుమందుల అవశేషాల మీద ఒక్క అభ్యంతరం వచ్చినా, నంబర్లు ఉన్న ఫ్యాక్టరీ ఆ గదికి సంబంధించిన డ్రమ్ములే పక్కన పెడుతుంది. లేని ఫ్యాక్టరీ ఆ వారం మొత్తం సరుకును ఆపుకోవాల్సి వస్తుంది.

నాలుగో దశ: గేటు, కాటా

డిజిటల్ పని మొదలుపెట్టాల్సిన చోటు గేటే. ఎలక్ట్రానిక్ వేబ్రిడ్జి ఇండికేటర్లలో చాలావాటికి వెనకాల సీరియల్ పోర్టు ఉంటుంది. కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపితే తూకం నేరుగా సిస్టమ్‌లో పడుతుంది, ఆపరేటర్ అంకె కొట్టే అవసరం ఉండదు. బండి, రైతు, మొదటి తూకం, రెండో తూకం, సమయం అన్నీ ఒకే వరుసలో నమోదవుతాయి. లాట్ నంబరు అక్కడే పుడుతుంది. తూనికలు కొలతల శాఖ ముద్ర గడువు ఎప్పుడో కూడా సిస్టమ్‌లో గుర్తుగా పెట్టండి.

రెండో తూకం పడగానే రైతు ఫోన్‌కి తెలుగులో సందేశం వెళ్లాలి. లాట్ నంబరు, నికర బరువు, తరుగు, ధర, ఎప్పుడు డబ్బు పడుతుంది, అంతే. తరుగు ఎంత తీశారో దాచకుండా రాయండి. కాటా దగ్గర గొడవల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క అంకె చుట్టూనే తిరుగుతాయి.

ఇక టోకెన్లు. సీజన్ ముదిరాక ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరడం మన జిల్లాలో అందరూ చూసిందే. ఎండలో నిలబడ్డ కాయ మెత్తబడుతుంది, రైతుకి బండి బాడుగ పెరుగుతుంది, ఫ్యాక్టరీకి రికవరీ పడిపోతుంది. లైన్ గంటకి ఎంత ఆడించగలదు, గదుల్లో ఎంత ఖాళీ ఉంది అన్నవి తెలిస్తే రేపటికి ఎన్ని టోకెన్లు ఇవ్వాలో ఈ సాయంత్రమే చెప్పొచ్చు. లైన్ ఆగిపోతే, దారిలో ఉన్నవాళ్లకి వెంటనే సందేశం పంపాలి. ర్యాంపుల దగ్గర, అంటే ఫ్యాక్టరీ బయట కాయ పోగుచేసే కొనుగోలు కేంద్రాల దగ్గర కొనే ఫ్యాక్టరీలు ర్యాంపు కాటాకి కూడా ఇదే నంబరు పద్ధతి పెట్టాలి. లేకపోతే అక్కడ కలిసిన కాయ ఎవరిదో ఫ్యాక్టరీ గేటు చెప్పలేదు.

2025 సీజన్‌లో తోతాపురి ధర పడిపోయినప్పుడు, ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 రూపాయలు రైతుకి దక్కేలా నిర్ణయం జరిగింది. అలాంటి చెల్లింపు సరైన ఖాతాకి చేరాలంటే ఎవరి కాయ, ఎన్ని కిలోలు, ఏ రోజు అన్న గేటు రికార్డు సరిగ్గా ఉండాలి. ఫ్యాక్టరీ సౌకర్యం కోసం మొదలుపెట్టిన రికార్డు రైతు హక్కుకి కూడా ఆధారమవుతుంది.

ఐదో దశ: లైన్, ల్యాబ్, గోడౌన్

ఇక్కడ లక్ష్యం రోజూ రాత్రికి లెక్క సరిపోవడం. తోతాపురిలో టన్ను గుజ్జుకి దాదాపు రెండు టన్నుల కాయ పడుతుంది. 215 కిలోల డ్రమ్ముల్లో చూస్తే, 40 టన్నుల కాయ నుంచి 93 డ్రమ్ములు వచ్చాయంటే 19,995 కిలోలు, రికవరీ దాదాపు 50 శాతం. మర్నాడు అదే 40 టన్నులకి 86 డ్రమ్ములే వస్తే 18,490 కిలోలు, 46 శాతం పైచిలుకు. తేడా ఏడు డ్రమ్ములు. పైన అనుకున్న ధరకి 90,000 రూపాయలు దాటుతుంది, అదీ ఒక్కరోజులో.

ఈ తేడా ఎందుకొచ్చిందో తెలుసుకోవాలంటే గది నంబరు కావాలి. కాయ ఎక్కువ మాగిందా, ఫలానా ర్యాంపు నుంచి వచ్చిన కాయ బాగాలేదా, గుజ్జు తీసే మెషీన్ (పల్పర్) జల్లెడ అరిగిందా? నంబర్లు కలిసి ఉంటే ఆ రాత్రే జవాబు దొరుకుతుంది. కలవకపోతే సీజన్ అయ్యాక ఆడిటర్ చెబుతాడు, అప్పటికి చేయగలిగింది ఉండదు. నా దృష్టిలో డిజిటల్ అనుసంధానం లాభంలోకి నేరుగా దిగే మొదటి చోటు ఈ రాత్రి లెక్కే.

ల్యాబ్ రిపోర్టును ట్యాంకు నంబరు మీద కాకుండా బ్యాచ్ నంబరు మీద ఎక్కించండి. ట్యాంకు రోజుకి ఎన్నిసార్లో నిండుతుంది, బ్యాచ్ మాత్రం ఒక్కసారే. బ్రిక్స్, ఆమ్లత, పీహెచ్, రంగు ఉంటే, ‘14 బ్రిక్స్ పైన ఉన్న డ్రమ్ములు ఎన్ని?’ అని కొనుగోలుదారు అడిగినప్పుడు ఫోన్ పెట్టేయకముందే చెప్పొచ్చు.

గోడౌన్‌లో వరుసలకి, వాటిలోని భాగాలకి బోర్డులు పెట్టి, డ్రమ్ము కదిలినప్పుడల్లా ఫోన్‌తో స్కాన్ చేయించండి. ఖరీదైన స్కానర్లు మొదట్లో అవసరం లేదు. తేమకి ఊడని లేబుల్ మాత్రం తప్పనిసరి.

ఆరో దశ: సాఫ్ట్‌వేర్

ఇంతదాకా వచ్చాకే దీని గురించి మాట్లాడాలి. చిన్న యూనిట్‌కి టాలీ, క్రమశిక్షణగా వాడే షీట్లు ఒక సీజన్ దాకా సరిపోతాయి. పెరిగాక ఈఆర్‌పీ, అంటే కొనుగోలు, ఉత్పత్తి, నిల్వ, ఖాతాలన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్ కావాలి. జోహో లాంటి మన దేశపు కంపెనీల ఉత్పత్తులు ఉన్నాయి, ఈఆర్‌పీనెక్స్ట్ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది. పేరు కంటే మీరు అడిగే ప్రశ్నలు ముఖ్యం.

మా డేటా మొత్తాన్ని మేమే ఎప్పుడైనా బయటికి తీసుకోగలమా? ఒక బ్యాచ్‌లోకి పది లాట్‌లు, ఒక లాట్ రెండు బ్యాచ్‌ల్లోకి వెళ్లడాన్ని ఇది పట్టుకుంటుందా? ఇంటర్నెట్ పోతే గేటు ఆగుతుందా? తెలుగులో స్లిప్పు వస్తుందా? కాటా, టాలీ, జీఎస్టీ పోర్టల్‌తో ఏపీఐ ద్వారా, అంటే మనిషి టైపు చేయకుండా నేరుగా కలుస్తుందా? జూన్‌లో రాత్రి రెండింటికి ఆగిపోతే ఎవరు ఫోన్ ఎత్తుతారు? డెమోలో వాళ్ల నమూనా డేటా చూపించనివ్వకండి. మీ గేటు రిజిస్టర్‌లోంచి ఒక రోజు పేజీలు ఇచ్చి, వాటిని ఎక్కించి చూపించమనండి.

కరెంటు పోయినప్పుడు గేటు కంప్యూటర్‌కి యూపీఎస్, రోజువారీ బ్యాకప్, ఒక్కొక్కరికి వేర్వేరు పాస్‌వర్డ్. ఇవి ఎలాగూ ఉండాలి.

ఏడో దశ: సరఫరాదారులు

రైతుల సంగతి గేటు దగ్గర చెప్పాను. వాళ్ల మీద యాప్‌లు రుద్దకండి. సందేశం చదవగలిగితే చాలు.

డ్రమ్ములు, గుజ్జు పాడవకుండా నింపే అసెప్టిక్ బ్యాగులు, అట్టపెట్టెలు ఇచ్చేవాళ్లతో మాత్రం గట్టిగా కలవాలి. సీజన్ మధ్యలో బ్యాగులు అయిపోతే లైన్ ఆగుతుంది, మాగిన కాయ ఆగదు. ఆ భయంతోనే అందరూ కావలసినదానికంటే ఎక్కువ ఆర్డర్ పెడతారు. సరఫరాదారు ఆ ఆర్డరే నిజమైన అవసరం అనుకుని తనూ కొంచెం కలిపి పైవాళ్లకి ఆర్డర్ పెడతాడు. చివరి వినియోగంలో చిన్న మార్పు వెనక్కి వెళ్లేకొద్దీ పెద్దదవుతుంది. దీన్ని బుల్‌విప్ ఎఫెక్ట్ అంటారు. 1997లో హావ్ లీ, పద్మనాభన్, వాంగ్ అనే పరిశోధకులు దీని కారణాలను విడమర్చారు. వాళ్లు చూపిన ఉదాహరణల్లో ఒకటి ప్రాక్టర్ అండ్ గాంబుల్ డైపర్లది. పసిపిల్లల వాడకం దాదాపు నిలకడగా ఉన్నా, పంపిణీదారుల నుంచి వచ్చే ఆర్డర్లు ఎగుడుదిగుడుగా ఉండేవి.

మందు ఏమిటంటే, ఆర్డరుతో పాటు మీ నిజమైన వాడకాన్ని కూడా సరఫరాదారుకి చూపించడం. బ్యాగుల నిల్వ ఇంత, రోజు వాడకం ఇంత, వచ్చే రెండు వారాల అంచనా ఇంత. వారానికి ఒకసారి షీట్ పంపినా సరే, ఆన్‌లైన్‌లో నేరుగా కనిపించేలా చేస్తే ఇంకా మేలు. అవతలివాడు దాన్ని నమ్మి పనిచేయాలంటే, అంచనా తప్పినప్పుడు ఆ రోజే చెప్పే అలవాటు మీకుండాలి.

ఎనిమిదో దశ: కొనుగోలుదారులు, కాగితాలు

20 అడుగుల కంటైనర్‌లో సాధారణంగా 80 డ్రమ్ములు, అంటే 17.2 టన్నులు ఎక్కుతాయి. ఎక్కించేటప్పుడు ఒక్కో డ్రమ్మును స్కాన్ చేస్తే ప్యాకింగ్ లిస్టు దానంతటదే తయారవుతుంది. ఆ 80 నంబర్లూ, వాటి బ్యాచ్‌ల ల్యాబ్ రిపోర్టులూ కంటైనర్ గేటు దాటేలోపు కొనుగోలుదారుకి చేరాలి. సరుకు కంటే ముందు సమాచారం వెళ్లడం అంటే ఇదే.

2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లు దాటిన టర్నోవర్ ఉన్నవాళ్లకి ఇ-ఇన్వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే బిల్లు) తప్పనిసరి, ఎగుమతులకి కూడా. 10 కోట్లు, ఆపైన ఉన్నవాళ్లు 2025 ఏప్రిల్ 1 నుంచి బిల్లు తేదీ నుంచి 30 రోజుల్లోపు పోర్టల్‌లో నమోదు చేయాలి. ఇన్వాయిస్ వివరాలతోనే సరుకు రవాణాకి కావాల్సిన ఇ-వే బిల్లు కూడా తీసుకోవచ్చు. మామూలు సరుకుకి దాని గడువు 200 కిలోమీటర్లకి ఒక రోజు. చిత్తూరు నుంచి చెన్నై ఓడరేవు 150 కిలోమీటర్ల చిల్లర కాబట్టి ఒక రోజులో సరిపోతుంది, కానీ దారిలో లారీ మారితే బండి నంబరు మార్చడం మర్చిపోకూడదు. ఈ పోర్టల్ పనులన్నీ ఆర్డరు, డ్రమ్ముల జాబితా నుంచే పుట్టాలి. మళ్లీ టైపు చేసే పని ఉంటే ఇంకా కలవనట్టే.

శ్రీసిటీ, రేణిగుంట వెండర్లకి ఈ దశే అసలైనది. పెద్ద కంపెనీలు తమ సప్లయర్ పోర్టల్‌లో షెడ్యూలు పెడతాయి, సరుకు బయల్దేరే ముందు వివరాలు ఎక్కించమంటాయి, బార్‌కోడ్ లేబుల్ ఎలా ఉండాలో చెబుతాయి. పోర్టల్ చూడ్డం ఒక ఉద్యోగి జ్ఞాపకశక్తి మీద వదిలేయకండి. షెడ్యూలును రోజుకి రెండుసార్లు దించుకుని, నిన్నటితో పోల్చి, మారిన వరుసలను మాత్రమే రంగులో చూపించే చిన్న షీట్ పెట్టుకోండి. ఆ షీట్ ప్రొడక్షన్ ప్లానర్ ముందుండాలి.

తొమ్మిదో దశ: డబ్బు వేగం

సరఫరా సమాచారం కలిశాక వసూళ్లు కూడా త్వరపడాలి. ఎంఎస్ఎంఈ చట్టం 2006 ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకి రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపే చెల్లించాలి. దాటితే నెలనెలా చక్రవడ్డీ, అది కూడా రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్లు. గడువులోగా చెల్లించకపోతే కొనుగోలుదారుకి ఆ ఏడాది ఆదాయపు పన్నులో ఆ ఖర్చు మినహాయింపు దొరకకుండా 2024 ఏప్రిల్ 1 నుంచి నిబంధన కూడా వచ్చింది. ఇవి అక్కరకొచ్చేది మీ దగ్గర ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థగా ప్రభుత్వ నమోదు), సరుకు ఏ రోజు అందిందో చూపే రికార్డు ఉంటేనే.

ఇంకో దారి ట్రెడ్స్. రిజర్వు బ్యాంకు అనుమతితో నడిచే ఈ వేదికల మీద, కొనుగోలుదారు ఒప్పుకున్న బిల్లును బ్యాంకులు వేలంలో కొని ముందే డబ్బు ఇస్తాయి. 250 కోట్లకి పైబడి టర్నోవర్ ఉన్న కంపెనీలు 2025 మార్చి 31 లోపు ఇందులో చేరాలని కేంద్రం ఆదేశించింది. మీ పెద్ద కస్టమర్ చేరారో లేదో అడగండి. బిల్లులో తేడా ఉంటే ఒప్పుకోవడం ఆలస్యమవుతుంది, అందుకే ఎనిమిదో దశ సరిగ్గా ఉన్నవాళ్లకే ఇది వేగంగా పనిచేస్తుంది.

పదో దశ: నిజంగా పనితీరు మెరుగైందా?

ఈ మార్గదర్శిలో ముందు ఫ్యాక్టరీ లోపలి లింకులు, తర్వాత బయటివాళ్లతో లింకులు పెట్టాను. లోపలా, బయటా రెండూ కలవాలన్నది నా ఒక్కడి అభిప్రాయం కాదు. 2001లో ఫ్రోలిచ్, వెస్ట్‌బ్రూక్ అనే పరిశోధకులు 322 తయారీ సంస్థలను పరిశీలించి, సరఫరాదారులు, కస్టమర్లు ఇద్దరితోనూ విస్తృతంగా కలిసిన సంస్థల పనితీరే ఎక్కువగా మెరుగైందని చూపించారు. ఒకవైపే కలిస్తే అంత ఫలితం రాలేదు. 2010లో ఫ్లిన్, హువో, జావో చైనా తయారీ సంస్థల మీద చేసిన పరిశోధనలో, పనితీరుతో గట్టి సంబంధం కనిపించింది అంతర్గత అనుసంధానానికీ, కస్టమర్లతో అనుసంధానానికీ. సరఫరాదారులతో అనుసంధానానికి అంత బలం కనిపించలేదు. కొనుగోలు పోర్టల్ పెట్టేసి గేటు, లైన్, ల్యాబ్ విడివిడిగా ఉంచిన ఫ్యాక్టరీలకి ఫలితం ఎందుకు రాదో దీన్నిబట్టి అర్థమవుతుంది.

మీ ఫ్యాక్టరీలో తేల్చుకోవడానికి రెండో దశలో రాసిపెట్టిన ఐదు అంకెలు తీయండి. జూన్‌ని జూన్‌తోనే పోల్చాలి, జూన్‌ని డిసెంబర్‌తో కాదు. రూపాయల్లో కాకుండా రోజుల్లో, కిలోల్లో, శాతాల్లో పోల్చండి. గుజ్జు ధర పెరిగిన ఏడాది ఏ పద్ధతైనా గొప్పగానే కనిపిస్తుంది. రెండు లైన్లు ఉంటే మొదటి సీజన్‌లో ఒకదాని మీదే కొత్త పద్ధతి నడిపి, రెండింటి రికవరీనీ పక్కపక్కన పెట్టి చూడటం అన్నిటికంటే నమ్మదగిన పరీక్ష.

మొదట్లో పని నెమ్మదిస్తుంది. కాటా దగ్గర ఆపరేటర్ అలవాటు పడేదాకా బండికి ఒకట్రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, సూపర్‌వైజర్లకి టెన్షన్ పెరుగుతుంది. పాత రిజిస్టర్, కొత్త సిస్టమ్ రెండూ కొన్నాళ్లు నడపాలి, కానీ రిజిస్టర్ మూసేసే తేదీ ముందే ప్రకటించాలి. తేదీ లేకపోతే జనం రిజిస్టర్‌నే నమ్ముతారు, సిస్టమ్‌లోకి సాయంత్రం తీరిగ్గా ఎక్కిస్తారు. అప్పుడు రాత్రి లెక్కకి విలువ ఉండదు.

ఏ నెలలో ఏం చేయాలి

సీజన్ మధ్యలో ఏదీ మొదలుపెట్టకండి. సెప్టెంబర్, అక్టోబర్‌లలో లోడు వెంట నడిచిన నోట్‌బుక్‌ను శుభ్రంగా రాసుకుని, ఐదు కొలతలు తీయండి. లోడు వెంట నడక మాత్రం కాయ వస్తున్నప్పుడే, ఆగస్టు లోపే కావాలి. నవంబర్ నుంచి జనవరి దాకా కోడ్‌లు, జాబితాలు. ఫిబ్రవరిలో కాటా కేబుల్, లేబుల్ ప్రింటర్, సాఫ్ట్‌వేర్. మామిడి రాకముందు జామ, బొప్పాయి, టమాటా ఆడించే ఫ్యాక్టరీలకి మార్చి, ఏప్రిల్ మంచి అవకాశం. తక్కువ లోడులతో మొత్తం గొలుసును నడిపి చూడొచ్చు.

ఏప్రిల్ చివర్లో ఒక పరీక్ష పెట్టండి. గోడౌన్‌లోంచి ఏదో ఒక డ్రమ్మును యజమానే ఎంచుకోవాలి. దాని బ్యాచ్, ల్యాబ్ రిపోర్టు, కాయ ఇచ్చిన రైతుల జాబితా, ఆ బ్యాచ్‌లోని మిగతా డ్రమ్ములు ఇప్పుడెక్కడున్నాయి అన్నవి ఒక గంటలోపు బల్ల మీదకి రావాలి. రాకపోతే ఎక్కడ తెగిందో చూసి సరిచేసి, వేరే డ్రమ్ముతో మళ్లీ పెట్టండి. మే మొదటి వారం దాటాక కొత్త మార్పులు ఏవీ చేయకండి. ఆపరేటర్లు అడిగే చిన్నచిన్న సవరణలు కూడా ఒక పుస్తకంలో రాసిపెట్టి, లైన్ ఆగాక సెప్టెంబర్‌లో సాఫ్ట్‌వేర్ వాళ్ల ముందు పెట్టాలి. వార్షిక నిర్వహణ ఒప్పందం మీద సంతకం ఆ సవరణలు పూర్తయ్యాకే.